పైడి కలలో ఏడుసార్లు

తదియ. ఒకటోసారి.

నిద్ర ఆఫీసులో దమయంతి ఈ పుస్తకం ఇచ్చింది. కలలోంచి లేచాక ఏం చూశానో ఆ పూటే రాయాలట. రాయకపోతే మళ్ళీ లోపలికి పంపరట. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. "నాకు రాత రాదు తల్లీ, నోటితో సెప్తాను, నువ్వు రాసుకో" అన్నాను. "నేను రాస్తే నా మాటలైపోతాయి పెద్దమ్మా. తప్పులున్నా పర్వాలేదు, చూసింది చూసినట్టు రాయి" అంది. అందుకని రాస్తున్నాను. పెన్సిలు పైడిది.

నా పేరు సూరాడ ఎర్రమ్మ. నాచు తాళ్ళ పని. నాచు మొలకల్ని తాడుకి కట్టి సముద్రంలోకి వదులుతాం, పెరిగాక లాగి కోస్తాం. పైడి నా కూతురు. ఇరవై నాలుగేళ్ళు. అదీ నా పక్కన కూర్చునే కట్టేది. అది పోయి నలభై రోజులు. దూరంగా లోతు నీళ్ళలో వేసిన లోతు తాళ్ళ దగ్గర పడవ తిరగబడింది.

కంపెనీలో పని చేసేవాళ్ళందరూ తలకి పట్టీ కట్టుకునే పడుకోవాలి. నిద్ర చాలనివాళ్ళు సముద్రం మీదికి వెళ్ళకూడదని ఆ పట్టీ పెట్టారు. అందులో కలలు కూడా పడతాయి. మనిషి పోతే ఆఖరి కల ఇంట్లోవాళ్ళకి ఇస్తారు. ఏడుసార్లు లోపలికి వెళ్ళి రావచ్చు. ఏడోసారితో కల అరిగిపోతుంది, ఇక ఉండదు.

పొద్దున్న పొగమంచుని పట్టే మంచువల కింద డ్రమ్ములో చేరిన నీళ్ళు వంచుకుని, పోటుకి మా తేలే ఇంటితాడు వదులు చేసి, మధ్యాహ్నం పడవెక్కి వెళ్ళాను. చల్లటి గది, ఒక బల్ల. నా నుదుటికి పైడి పట్టీ కట్టారు. దానికి ఇంకా కొబ్బరినూనె వాసన ఉంది. ఆ వాసనలోనే కళ్ళు మూతలు పడ్డాయి.

కళ్ళు తెరిచేసరికి పరాయి దేశం. పరాయి దేశమని ఎలా తెలిసిందంటే నేల కదలడం లేదు. మా ఇళ్ళు డ్రమ్ముల మీద తేలుతూ ఉంటాయి కదా, కదలని నేల ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. అది పెద్ద రైలుస్టేషను. పైకప్పు ఉంది, దాంట్లోంచి తెల్లగా రాలుతోంది. ఉప్పనుకున్నాను. నాలిక మీద వేసుకుంటే చప్పగా, చల్లగా ఉంది. నేనో బల్ల మీద కూర్చుని ఉన్నాను. నెత్తి మీద బండి చక్రమంత గడియారం. ఎక్కడ చూసినా బోర్డులు. వాటి మీద అక్షరాలు ఇసకలో ఎండ్రకాయలు తిరిగినట్టున్నాయి. జనం మాట్లాడుకుంటుంటే ఖాళీ సీసాలోకి గాలి ఊదినట్టు వినిపిస్తోంది.

దూరంగా మెట్ల మీద పైడి.

వీపే కనిపించింది. వీపు చాలు నాకు. నడిచేటప్పుడు ఎడమకాలు కాస్త బయటికి వేస్తుంది. పని చొక్కాలోనే ఉంది, చేతిలో నీళ్ళ సీసా. దిగ్గున లేచి వెంట పడ్డాను. అది అటు చూస్తోంది, ఇటు చూస్తోంది, మెడ మీద చెమట. అంత చలిలో చెమట. నా బిడ్డ భయపడుతోంది. మెట్ల చివరికి వెళ్ళానో లేదో, గంట మోగింది. లేపేశారు.

దమయంతి అంటుంది, అది పైడి కాదు, పైడి నీడ అని. నేను నమ్మను. నీడకి చెమట పడుతుందా? ఇంకా ఆరుసార్లుంది. ఈ ఆరుసార్లలో దాన్ని ఆ భయంలోంచి బయటికి తేవాలి. కల అరిగిపోయేటప్పుడు నా బిడ్డ బెదిరిపోయి ఉండకూడదు. నాకింకేమీ వద్దు.

పంచమి. రెండోసారి.

మళ్ళీ ఆ గడియారం కిందే కళ్ళు తెరిచాను. ఈసారి ఆలస్యం చెయ్యలేదు. లేస్తూనే పరుగు.

స్టేషను దాటితే వీధి. వీధి మధ్యనే రైళ్ళు నడుస్తున్నాయి, చప్పుడు లేకుండా, చేపలు పోయినట్టు. ఇళ్ళు రెండు పక్కల నుంచీ వంగి చూస్తున్నాయి. టోపీ పెట్టుకున్న మనిషొకడు పైడికి అడ్డం వచ్చి కాగితం చూపించమని చెయ్యి చాపాడు. అది జేబులన్నీ తడుముకుంది. ప్రతి జేబులోనూ నీళ్ళే. వాడు ఏమీ అనకుండా ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాసుకోవడం చూస్తే నాకే గుండె జారింది.

అది అక్కడి నుంచి కదలగానే దగ్గరికి వెళ్ళాను. చేయి చాస్తే జడ అందుతుంది, అంత దగ్గర. వెనక్కి తిరిగింది. నన్ను చూసింది.

నవ్వుతుందనుకున్నాను. గొంతులోంచి ఒక్క కేక పెట్టి పరిగెత్తింది. నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. తెల్లగా రాలుతోంది, అంతే. "పైడీ, నానే" అన్నాను. నా నోట్లోంచి కూడా సీసాలో గాలి ఊదినట్టే వచ్చింది.

సప్తమి. మూడోసారి.

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

వెంటపడ్డాను. అది పరిగెత్తింది. వీధులన్నీ ఒకేలా ఉన్నాయి, ఏ వీధి చివర చూసినా మెట్లు, ఆ మెట్ల కింద నల్లటి నీళ్ళు. వెళ్ళి వెళ్ళి ఒక మూలలో ఇరుక్కుపోయింది. గోడకి వీపు ఆనించి, సీసా గుండెలకి పెట్టుకుని, నన్నే చూస్తూ వణుకుతోంది. చిన్నప్పుడు పాముని చూసినప్పుడు కూడా అలా వణకలేదు.

అప్పుడే పక్క నుంచి రైలు పోయింది. దాని అద్దాల్లో వీధిలో ఉన్నవాళ్ళందరి మొహాలూ కనిపించాయి. పైడి మొహం కనిపించింది. నా ఎర్రచీర, నా చేతులు కనిపించాయి. మెడ పైన మాత్రం కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. తోలు తీసిన తాటిముంజెలా నున్నగా ఉంది.

నా బిడ్డని భయపెడుతున్నది నేనే.

లేచాక బల్ల మీదే వాంతి చేసుకున్నాను. దమయంతి పాపం తనే శుభ్రం చేసింది. నీళ్ళిచ్చి పక్కన కూర్చుంది.

"ముందే చెప్పాల్సింది పెద్దమ్మా. బయటి మనిషికి కలలో చోటుంటుంది గానీ మొహం ఉండదు. మామూలుగా తల్లులకి వస్తుంది. నీకూ వస్తుందనుకున్నాను."

"నాకెందుకు రాలేదు? నాను తల్లిని కాదేటి?"

"అదే ఆలోచిస్తున్నా. ఆ పిల్ల ఆ కలలో నీకంటూ ఒక చోటు పెట్టుకుని ఉంటుంది. ఆ చోట్లో ఉంటే నీ మొహం నీకుంటుంది. నువ్వు ఆ చోట్లో లేవు."

"మరి ఇన్నిమాట్లు నాను ఎల్లడం వల్లే దాని భయం పెరిగిందా?"

కాదని చెబుతుందేమోనని చూశాను. "కల పెరుగు లాంటిది పెద్దమ్మా. వేలు పెడితే దాని గుర్తు ఉండిపోతుంది" అంది.

అష్టమి.

ఈ రోజు వెళ్ళేది లేదు. పనికి పోయాను. నలభై అయిదు రోజుల తర్వాత తాడు పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారిపోయి ఉన్నాయి. అసిరమ్మ నా పక్కన కూర్చుంది. మా పక్క డ్రమ్ముల ఇల్లే దానిది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అప్పా అంటాను. దానికి నోరు ఊరుకోదు.

"ఏటే అది, ముడేస్తన్నావా, పీక పిసుకుతన్నావా? ఆ మొలక సచ్చిపోద్దే" అంది.

నేను నవ్వలేదు. అది గొంతు తగ్గించింది.

"ఒక మాట సెప్తాను, కోప్పడకు. పైడి లోతు తాళ్ళకి ఎందుకెల్లిందో తెలుసా నీకు?"

"తెల్దు. నన్నడగలేదు, నాకు సెప్పలేదు."

"అక్కడ ఒక్క రోజు దిగితే రెండ్రోజులు సెలవు రాస్తారు. పన్నెండు రోజుల సెలవు కావాలంది. ఎందుకే గుంటా అంటే, మాయమ్మని దేశం సూపించడానికి అంది. నీతో సెప్పొద్దని ఒట్టేయించుకున్నాది."

చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

ప్రయాణం చీటీ సంగతి రాయాలి. ఈ రోజుల్లో దేశం దాటాలంటే చీటీలో పేరు రావాలి. మా వంద ఇళ్ళలో ఏడాదికి ఒక్కరికి వస్తుంది, తోడు ఇంకొకరిని తీసుకెళ్ళొచ్చు. పైడి పోవడానికి పది రోజుల ముందు దాని పేరు వచ్చింది. ఎగురుకుంటూ వచ్చి చెప్పింది. ఆ దేశం పేరు నాకు నోరు తిరగలేదు. నేనే తోడు రావాలంది. నేను రానన్నాను. "నాకు సదువు రాదు, బాస రాదు. అక్కడ తప్పిపోతే నన్నెవులు పట్టుకొస్తారే? నీ ఈడు గుంటని తీసుకెల్లు" అన్నాను. రోజూ అడిగింది. రోజూ అదే మాట అన్నాను. ఆఖరికి విసుక్కున్నాను కూడా.

పోయిన రోజు పొద్దున్న నేను నీళ్ళు వంచుతుంటే నా ముందు నుంచే వెళ్ళింది. రోజూ కుడివైపు రేవుకి పోయేది, ఆ రోజు ఎడమవైపు తిరిగింది. చూశాను. అడగబోయాను. అడగలేదు. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందని, మనిషికే కీడని మా అమ్మ చెప్పింది, దాని అమ్మ దానికి చెప్పింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. అడిగి ఉంటే లోతు తాళ్ళకని చెప్పేది. లోతు తాళ్ళకంటే కొంగు పట్టుకుని ఆపేదాన్ని.

ఈ మాట ఎవరితోనూ అనలేదు. పుస్తకంలో రాశాను.

నవమి. నాలుగోసారి.

వెంట పడలేదు. గడియారం కింద నుంచి లేచి, దాని కంట పడకుండా స్తంభాల చాటున నిలబడ్డాను. చూడడమే పని. మూడుసార్లు వెళ్ళి కూడా అది ఏం చేస్తోందో నేను చూడనే లేదు, నా తొందర నాది.

అది ఊరికే నడవడం లేదు. వెతుకుతోంది. ప్రతి బల్ల దగ్గరా ఆగుతోంది. ముసుగేసుకున్న ఆడవాళ్ళ ముందు వంగి మొహం చూస్తోంది. టోపీ మనిషిని పట్టుకుని చేతులతో ఏదో చెప్పింది, ఇంత ఎత్తు, ఇంత లావు అని. వాడు తల అడ్డంగా ఊపాడు. వీధిలోకి పోయింది, తిరిగి వచ్చింది. గడియారం కిందికి వచ్చి ఖాళీ బల్ల మీద చెయ్యి పెట్టి చూసింది. మళ్ళీ పోయింది.

లేచి దమయంతికి చెప్పాను.

"ఎక్కడికి పోతున్నావని అడగలేకపోయావా?" అంది.

"బయల్దేరిన మనిసిని ఎక్కడికని అడుగుతారేటి ఎవులైనా?"

"పెద్దమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్లకి ఇంక జరగాల్సిన కీడేముంది చెప్పు."

చాలాసేపు ఏడ్చాను. తనూ కళ్ళు తుడుచుకుంది. మంచి పిల్ల. మొహం సంగతి ముందే చెప్పలేదని తిట్టుకున్నాను గానీ, మంచి పిల్ల.

ఏకాదశి. ఐదోసారి.

అడగలేకపోయాను.

స్తంభం చాటు నుంచి దాని జడ నాకు జానెడు దూరంలో ఉంది. మాట నాలిక మీదికి వచ్చింది. యాభై రెండేళ్ళలో నేనెవరినీ అడగని మాట. మింగేశాను. అది వెళ్ళిపోయింది.

కల అరుగుతోంది. బోర్డుల మీద అక్షరాలు సగం లేవు. మెట్లు కొన్ని మాయమైపోయి, మిగిలినవి గాల్లో ఉన్నాయి. జనం పలచబడ్డారు. రాలే తెలుపు కూడా అక్కడక్కడే. వాటి స్థానంలో నా సరుకు వస్తోంది. ఎక్కడి నుంచో మా ఇంటి ఎండుచేపల పులుసు వాసన, ఒక మూల నా నాచు కత్తి. పైడి కల తరిగి నా జ్ఞాపకం నిండుతోందని దమయంతి అంది. అలా నిండిపోతే అక్కడ పైడి ఉండదు, నేను తలుచుకునే పైడి ఉంటుంది. ఆ పైడి ఇంట్లో ఎటూ ఉంది. నాకు కావలసింది వెతుకుతున్న పైడి.

ఇంకా రెండు.

త్రయోదశి. ఆరోసారి.

స్తంభం వెనక నిలబడ్డాను. నా మొహం కాని మొహం దానికి కనపడకుండా కొంగు కప్పుకున్నాను. అది పక్క నుంచి పోతుంటే కళ్ళు మూసుకుని అడిగేశాను.

"ఎక్కడికే పైడీ?"

కల అరిగినందుకేమో, ఈసారి మాటే వచ్చింది, కొంగు అడ్డంతో గొంతు మాత్రం నాదిలా లేదు. ఆగింది. అటూ ఇటూ చూసింది, మనిషి కనపడలేదు. పరాయి దేశంలో మన మాట వినపడితే ఎవరైనా ఆగుతారు కదా. స్తంభంతోనే చెప్పింది.

"మాయమ్మ కోసం. తప్పిపోనాది."

స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఎలగ తప్పిపోనాది?"

"ఆ గడియారం కింద కూసోబెట్టినాను. దాహమేస్తంది అన్నాది. నీళ్ళు తెస్తాను, ఇక్కడే ఉండమ్మా అని సెప్పి ఎల్లినాను. వొచ్చీసరికి నేదు. మాయమ్మకి సదువు రాదండి. బోర్డులు సదవనేదు. ఎవుల్నీ ఏదీ అడగదు. నానే బలవంతంగా తీసుకొచ్చినాను, రానంటే వినకుండా." ముక్కు చీదుకుంది. "మీరు సూసినారా? ఎర్రసీర. ఎవులో మొహం నేని మనిసి నా ఎనకాల తిరుగుతంది. మాయమ్మని అదే ఏటైనా సేసిందేమో."

నేను ఏం చెప్పగలను? చూశానని చెప్పనా? అది నేనేనని చెప్పనా? కొంగు నోట్లో కుక్కుకున్నాను. గంట మోగింది.

ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ప్రతిసారీ నేను కళ్ళు తెరిచింది ఆ గడియారం కిందే. అది కూర్చోబెట్టిన చోటే. ప్రతిసారీ నేనే లేచిపోయాను. ఆరుసార్లు నా బిడ్డ నీళ్ళు పట్టుకుని వచ్చి ఖాళీ బల్లని చూసుకుంది.

దానికి ఐదేళ్ళప్పుడు అమ్మవారి జాతరలో చెయ్యి వదిలేసి తప్పిపోయింది. దొరికాక వీపు మీద ఒకటిచ్చి నేనే చెప్పాను. "తప్పిపోతే ఉన్నచోటే ఉండాలి. నువ్వూ తిరిగి, నానూ తిరిగితే ఎప్పటికీ కలవం." అది ఎప్పుడూ మరిచిపోలేదు. నేను మరిచిపోయాను.

పౌర్ణమి. ఏడోసారి.

పెద్ద పోటు. ఇంటితాళ్ళు రెండూ వదులు చేసి వెళ్ళాను. అసిరమ్మ పడవ దాకా వచ్చింది. ఏమీ అడగలేదు, నా జడ విప్పి మళ్ళీ వేసింది. "ఆ గుంట సూస్తే నన్నే తిడతాది, మాయమ్మని ఇలగ ఒగ్గీసినారా అని" అంది. దమయంతి పట్టీ కట్టి, గంట తనే చేత్తో మోగిస్తానంది. రెండు నిమిషాలు ఆలస్యంగా మోగిస్తే ఎవరూ చూడరంది.

గడియారం కింద కళ్ళు తెరిచాను.

స్టేషను చాలా వరకూ పోయింది. పైకప్పు లేదు. బోర్డులన్నీ తెల్లగా ఉన్నాయి, ఇప్పుడు నాకూ చదువుకున్నవాళ్ళకీ తేడా లేదు. మెట్లు మూడున్నాయి. పట్టాలున్నాయి. గడియారానికి ముళ్ళు లేవు. దూరంగా పైడి వీపు, ఎడమకాలు బయటికి వేస్తూ పోతోంది.

కాళ్ళు లేవబోయాయి. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు. బిడ్డ భయపడుతూ వెళ్ళిపోతుంటే కూర్చోవడం. అది కనుమరుగైంది. నేను కూర్చున్నాను.

టోపీ మనిషి వచ్చి కాగితం కోసం చెయ్యి చాపాడు. "మా అమ్మాయి దగ్గరుంది. నీళ్ళకి ఎల్లింది. వొస్తాది" అన్నాను. వాడికి ఏం అర్థమైందో, పుస్తకం మూసి తిరిగి చూడకుండా పోయాడు. తెలుపు రాలి నా ఒళ్ళో చేరింది. దులపలేదు. ఊరికే ఉండలేక కొంగు పోగులు తీసి ముళ్ళు వేస్తూ కూర్చున్నాను, రెండు చుట్లు, ఒక లాగు, నాచు తాడుకి వేసినట్టే. ఎన్ని వేశానో. అది రాకపోతే? కల ముందే అరిగిపోతే? ఎండుచేపల వాసన దగ్గరికి వస్తోంది. నేను దేన్నీ తలుచుకోలేదు. పైడిని కూడా తలుచుకోలేదు. ముడి, ఇంకో ముడి.

"ఎక్కడికి పోనావే అమ్మా!"

తల ఎత్తాను. నా ఎదురుగా నిలబడి ఉంది. సీసా ఒక చేత్తో, నడుం మీద ఇంకో చెయ్యి. భయం మొహం నిండా ఉంది, దాని మీద కోపం ఎక్కుతోంది.

"ఇక్కడే ఉండమన్నానా నేదా? ఊరంతా తిరిగినాను! మొహం నేని దెయ్యమొకత్తి ఎంటపడింది, తెలుసా? నీకేటైనా అయితే నానేటి సేసేదాన్ని?"

నన్ను చూసి అంటోంది. నా మొహంలోకి చూసి అంటోంది.

"ఇక్కడే ఉన్నానే" అన్నాను. "ఇంకెక్కడికీ ఎల్లను."

"ఎల్లావంటే సంపేస్తాను" అని పక్కన కూలబడింది. సీసా మూత తీసి ఇచ్చింది. తాగాను. మంచువల నీళ్ళ రుచి. నా కొంగు చూసి, "సీరంతా పీకేసినావేటే, ఇక్కడ కూడా నాచు కట్టాలా నువ్వు?" అని నవ్వింది. మెడ మీద చెమట ఆరిపోయి ఉంది. చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.

"ఆ రోజు అడగలేదే నిన్ను, ఎక్కడికని" అన్నాను.

"ఏ రోజు?"

దానికి తెలియదు. ఈ కల కన్నప్పుడు ఆ పొద్దు ఇంకా తెల్లారలేదు. "ఏటీ నేదులే" అన్నాను.

రైలొచ్చి మా ముందు ఆగింది. చప్పుడు లేదు. "ఎక్కుదామా?" అన్నాను. "కూసోవే కాసేపు. కాళ్ళు నొప్పి. ఇంకోటొస్తాదిలే" అని నా భుజం మీద తల పెట్టింది. రైలు కదిలింది. ఒక్కొక్క కిటికీ మమ్మల్ని చూపిస్తూ పోయింది, ఒక బల్ల, ఎర్రచీర, నీలం చొక్కా, రెండు మొహాలు. ప్రతి అద్దంలోనూ రెండు మొహాలు. ఆఖరి కిటికీ వచ్చేసరికి దాని కళ్ళు మూతలు పడ్డాయి. భుజం మీద బరువు తెలిసింది. చిన్నప్పుడు పడవలో పడుకుంటే ఉండే బరువే.

గంట మోగలేదు. దమయంతి మోగించలేదట. కల దానంతటదే అయిపోయే దాకా ఊరుకుందట. నేను కదలకుండా కూర్చున్నాను.

పాడ్యమి.

లోపలికి వెళ్ళడం అయిపోయింది, పుస్తకం ఇచ్చేయొచ్చు. కానీ ఇంకొక్కటి రాస్తాను.

పొద్దున్న రేవు దగ్గర అసిరమ్మ పడవ ఎక్కుతోంది. ఎడమవైపు పడవ. ఒక కాలు లోపల పెట్టింది.

"ఎక్కడికప్పా?" అన్నాను.

రేవంతా నా వైపు తిరిగింది. తాడు విప్పుతున్నవాళ్ళు తాడు వదిలేశారు. ఒకామె బుగ్గలు వాయించుకుంది.

"ఓలి నీ నోరు పడ! ఏటే అది? బయల్దేరినదాన్ని పట్టుకుని!" అసిరమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

"ఎక్కడికని అడుగుతున్నాను. సెప్పి ఎల్లు."

తిడుతుందనుకున్నాను. నా చేతిలో పుస్తకం చూసింది.

"లోతు తాళ్ళకి" అంది. "ఆరో వరస. సాయంత్రం పోటుకి వొచ్చీస్తాను. సాలా? ఆ పుస్తకంలో రాసుకుంటావా ఏటి?"

"రాసుకుంటాను."

రాశాను. అసిరమ్మ. లోతు తాళ్ళు, ఆరో వరస. సాయంత్రం పోటుకి.

సాయంత్రం రేవులోనే కూర్చున్నాను, ఎక్కడికీ కదలకుండా. పోటు వచ్చింది. అసిరమ్మ వచ్చింది.